మైక్రోబయాలజీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కడినుంచి చదవాలి? పేర్లనుంచి కాదు, సెల్ వాల్ నుంచి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఈ ఏడాదే మైక్రోబయాలజీ తీసుకున్నారు, పుస్తకం తెరిస్తే నోరు తిరగని పేర్లు, ల్యాబ్‌లో గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాని రంగులతో రెండు రకాలుగా విడదీసే పరీక్ష) చేయమంటే చేస్తున్నారు కానీ ఎందుకో తెలీదు, ఫండమెంటల్స్ అంటే అసలు ఏవి, ఏ వరుసలో చదవాలి, లెక్కలు రాకపోతే ఇబ్బందా అని.

ముందు సూటిగా చెప్పేస్తాను. పేర్ల లిస్టుతో, వర్గీకరణతో మొదలుపెట్టకండి. బ్యాక్టీరియా సెల్ వాల్ తో, అంటే కణం చుట్టూ ఉండే గోడతో మొదలుపెట్టండి. తర్వాత ప్యూర్ కల్చర్ (ఒకే రకాన్ని విడిగా పెంచడం) అంటే ఏంటి, పెరుగుదల ఎలా జరుగుతుంది, చంపడం ఎలా, ఈ మూడూ ఆ వరుసలో. ఈ నాలుగు గట్టిగా పట్టుకుంటే మొదటి ఏడాది సిలబస్‌లో మిగతావి వీటికే వచ్చి అతుక్కుంటాయి. నేను చాలాకాలంగా డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తూ కాలేజీ పిల్లలకి ప్రాక్టికల్స్ కూడా చెప్తున్నాను, పేర్లు బట్టీపట్టి వచ్చినవాళ్ళు స్లైడ్ ముందు కూర్చున్నాక తడబడటం, గోడ అర్థమైనవాళ్ళు తెలియని స్లైడ్ ఇచ్చినా ధైర్యంగా ఆలోచించడం, రెండూ ప్రతి బ్యాచ్‌లో కనిపిస్తాయి.

గోడ దగ్గరికి వెళ్ళేముందు సైజు గురించి కొంచెం. ఈ.కొలై పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, వెడల్పు 1 లోపు. స్టెఫైలోకాకస్ గుండ్రంగా ఒక మైక్రోమీటర్ దాకా. మన ఎర్ర రక్తకణం 7 నుంచి 8 మైక్రోమీటర్లు, అందుకే బ్లడ్ స్మియర్‌లో అది మంచి కొలబద్ద. వైరస్‌లు 20 నుంచి 300 నానోమీటర్ల మధ్య (కొన్ని అంతకన్నా పెద్దవీ ఉన్నాయి). మామూలు లైట్ మైక్రోస్కోప్ విడదీసి చూపించగలిగేది సుమారు 0.2 మైక్రోమీటర్ల వరకే, అంటే 200 నానోమీటర్లు. బ్యాక్టీరియా కనపడుతుంది, పోలియో లాంటి 30 నానోమీటర్ల వైరస్ ఎంత మంచి లెన్స్ పెట్టినా కనపడదు. మాగ్నిఫికేషన్ పెంచితే సరిపోదు, రిజల్యూషన్ కావాలి, ఈ తేడా పరీక్షలో అడుగుతారు, వైవాలో ఇంకా ఎక్కువ అడుగుతారు. 100ఎక్స్ లెన్స్‌కి ఆయిల్ వేసేది కూడా అందుకే, గాజుకి గాలికి మధ్య కాంతి వంగి బయటికి పోకుండా, గాజుతో దాదాపు సమానమైన రిఫ్రాక్టివ్ ఇండెక్స్ ఉన్న నూనె మధ్యలో నింపుతాం.

ఇప్పుడు అసలు విషయం.

సెల్ వాల్. బ్యాక్టీరియా లోపల ప్రెషర్ ఎక్కువ, చుట్టూ నీళ్ళు ఉంటే ఆ నీళ్ళు లోపలికి వస్తూనే ఉంటాయి, గోడ లేకపోతే చాలావరకు పగిలిపోతాయి. ఆ గోడ పెప్టిడోగ్లైకాన్ తో తయారవుతుంది, చక్కెర గొలుసుల్ని చిన్న పెప్టైడ్ ముక్కలు అడ్డంగా కట్టిపడేసిన వల లాంటిది. గ్రామ్ స్టెయిన్‌లో ఊదా రంగు నిలుపుకునే గ్రామ్ పాజిటివ్ లో ఈ వల పొరలు పొరలుగా మందంగా, 20 నుంచి 80 నానోమీటర్లు ఉంటుంది. గులాబీకి మారే గ్రామ్ నెగటివ్ లో కొన్ని నానోమీటర్లే, కానీ దాని బయట ఇంకో మెంబ్రేన్ ఉంటుంది, అవుటర్ మెంబ్రేన్ అంటాం, దాని బయటి వైపు లైపోపాలీశాకరైడ్ ఉంటుంది, ఎల్‌పీఎస్ అని రాస్తారు. ఈ రెండు బొమ్మలు చూడకుండా చేత్తో గీయగలిగే దాకా గీయండి. నిజంగా చెప్తున్నా, మొదటి నెలలో ఇంతకన్నా విలువైన పని లేదు.

ఎందుకంటే గ్రామ్ స్టెయిన్ మొత్తం ఆ రెండు బొమ్మల్లోనే ఉంది. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884 లో ఈ పద్ధతి ప్రచురించారు, అప్పటికి గోడ నిర్మాణం ఎవరికీ తెలీదు, తేడా మాత్రం కనపడింది. క్రిస్టల్ వయొలెట్ వేస్తే రెండు రకాలూ ఊదా రంగే. అయోడిన్ వేస్తే అది రంగుతో కలిసి పెద్ద కాంప్లెక్స్ అవుతుంది, అప్పటికీ రెండూ ఊదాయే. తర్వాత ఆల్కహాల్, అసలు నిర్ణయం జరిగేది ఇక్కడే. మందపాటి గోడలో నీరు పోయి రంధ్రాలు బిగుసుకుంటాయి, కాంప్లెక్స్ లోపలే ఇరుక్కుంటుంది. గ్రామ్ నెగటివ్ లో ఆల్కహాల్ అవుటర్ మెంబ్రేన్ కొవ్వుని కరిగించేస్తుంది, ఉన్న పల్చటి గోడ రంగుని ఆపలేదు, మొత్తం కడుక్కుపోయి రంగులేకుండా అయిపోతుంది. చివర్లో సాఫ్రనిన్ వేస్తే రంగుపోయినవి గులాబీ రంగుకి వస్తాయి. నాలుగు స్టెప్పుల్లో జాగ్రత్త అంతా ఆల్కహాల్ మీదే పెట్టాలి, 10 నుంచి 20 సెకన్లు, స్లైడ్ వంచి పట్టుకుని చుక్కలు చుక్కలుగా పోస్తూ, కిందకి జారే ద్రవంలో ఊదా రంగు ఆగిపోగానే వెంటనే నీళ్ళతో కడిగేయాలి. ఇంకో 30 సెకన్లు ఉంచితే గ్రామ్ పాజిటివ్ కూడా గులాబీ అయిపోతుంది.

నా దగ్గరికి పదేపదే వచ్చే కేసు ఒకటి చెప్తా. స్లైడ్ పట్టుకొచ్చి, బాసిల్లస్ (గ్రామ్ పాజిటివ్) అని ఇచ్చారు కానీ సగం గులాబీ సగం ఊదా కనిపిస్తోంది, కల్చర్ కంటామినేట్ అయిందా అని అడుగుతారు. నేను అడిగే మొదటి ప్రశ్న కల్చర్ ఎన్ని రోజులది అని. చాలాసార్లు జవాబు మూడు రోజులు, నాలుగు రోజులు. ముసలి కల్చర్‌లో గోడ బలహీనపడుతుంది, రంగు పట్టి ఉంచలేదు, అందుకే 18 నుంచి 24 గంటల కల్చర్ మాత్రమే వాడాలి. ఇంకో కారణం స్మియర్ (స్లైడ్ మీద పూసిన పొర) మందంగా ఉండటం, అప్పుడు మధ్యలో గుట్టగా ఉన్నచోట ఆల్కహాల్ సరిగ్గా దిగదు, గ్రామ్ నెగటివ్ కూడా ఊదాగా ఉండిపోతుంది. స్మియర్ ఆరాక దాని వెనక పెట్టిన అక్షరాలు చదవగలిగేంత పల్చగా ఉండాలి, చూసేటప్పుడు కూడా కణాలు విడివిడిగా పరుచుకున్న చోటే చూసి రిజల్ట్ రాయండి. పక్కనే తెలిసిన పాజిటివ్ ఒకటి, తెలిసిన నెగటివ్ ఒకటి అదే స్లైడ్ మీద పెట్టుకుంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

సరే ఇప్పుడు అదే గోడ మిగతా చాప్టర్లలోకి ఎలా వెళ్తుందో చూడండి. పెన్సిలిన్ ఏం చేస్తుంది, ఆ వలలో అడ్డ ముడులు వేసే ఎంజైమ్‌ని పట్టేసుకుంటుంది, కణం పెరుగుతూ ఉంటే గోడ కట్టలేక పగిలిపోతుంది, కాబట్టి పెరగకుండా నిద్రలో ఉన్న కణం మీద పెన్సిలిన్ పెద్దగా పనిచేయదు. మన కణాలకి ఆ గోడే లేదు కాబట్టి దాని దెబ్బ మనకి తగలదు (ఎలర్జీ వేరే సంగతి). మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి గోడ లేదు, కాబట్టి పెన్సిలిన్ దాని మీద పనిచేసే అవకాశమే లేదు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పెద్ద మాలిక్యూల్, గ్రామ్ నెగటివ్ అవుటర్ మెంబ్రేన్ దాటి లోపలికి పోలేదు, కాబట్టి గ్రామ్ పాజిటివ్ ల మీదే వాడతారు. ఎల్‌పీఎస్ లో లిపిడ్ ఏ అనే భాగమే ఎండోటాక్సిన్, గ్రామ్ నెగటివ్ లు రక్తంలోకి చేరి పగిలినప్పుడు జ్వరం, బీపీ పడిపోవడం వచ్చేది దానివల్లే. టీబీ బ్యాక్టీరియా గోడలో మైకోలిక్ యాసిడ్ అనే మైనం లాంటి కొవ్వు ఉంటుంది, గ్రామ్ రంగులు సరిగ్గా ఎక్కవు, కాబట్టి యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ వేరే ఉంది. చూశారా, స్టెయినింగ్, యాంటీబయాటిక్స్, పాథోజెనిసిటీ (జబ్బు చేసే శక్తి), ఇలా వేర్వేరు చాప్టర్లు అనుకున్నవి ఒకే బొమ్మ నుంచి వస్తున్నాయి. బట్టీ పట్టాల్సింది ఎంత తగ్గిపోయిందో మీరే లెక్క చూసుకోండి.

ప్యూర్ కల్చర్. లీవెన్‌హుక్ 1670ల్లోనే సొంతంగా చేసుకున్న ఒంటి లెన్స్ మైక్రోస్కోప్‌తో సూక్ష్మజీవుల్ని చూశారు, కానీ ఏ జీవి ఏం చేస్తుందో తేలడానికి ఇంకో రెండొందల ఏళ్ళు పట్టింది. కారణం సింపుల్, అన్నీ కలిసి ఉన్న గుంపులో ఏది ఏం చేసిందో చెప్పలేం, ఒక్క రకాన్నే విడిగా పెంచగలగాలి. రాబర్ట్ కాక్ ముందు ఆలుగడ్డ ముక్కల మీద, తర్వాత జిలాటిన్ మీద ప్రయత్నించారు. జిలాటిన్‌తో గొడవేంటంటే 37 డిగ్రీల్లో కరిగిపోతుంది, పైగా కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని తినేస్తాయి. 1881 లో ఆయన ల్యాబ్‌లో పనిచేసే వాల్టర్ హెసె భార్య ఫానీ హెసె అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ లాంటిది) వాడి చూడమన్నారు. అగార్ కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి, కానీ మళ్ళీ గడ్డకట్టేది 40 దగ్గరికి దిగాకే, చాలా బ్యాక్టీరియాలు దాన్ని అరిగించుకోలేవు. మీరు మీడియం (బ్యాక్టీరియాకి తిండి కలిపిన అగార్) 45 నుంచి 50 డిగ్రీలకి చల్లారాక పోస్తారు కదా, ఆ అంకె వెనక ఉన్న సంగతి ఇదే, ఇంకా వేడిగా పోస్తే మూతకి ఆవిరి పట్టి నీళ్ళు కారతాయి, ఆలస్యం చేస్తే ఫ్లాస్క్‌లోనే గడ్డకడుతుంది. 1887 లో జూలియస్ పెట్రీ మూత ఉన్న ఆ డిష్ పెట్టారు, నేటికీ అదే వాడుతున్నాం.

స్ట్రీకింగ్ (లూప్ అనే తీగతో ప్లేట్ మీద గీతలు గీసి కణాల్ని విడదీయడం) చేసేటప్పుడు చాలామంది అందంగా గీతలు గీయడం మీద దృష్టి పెడతారు. అందం అక్కర్లేదు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్ళేముందు లూప్ ఎర్రగా కాల్చి, చల్లార్చి, పాత గీతల చివర్ని ఒకట్రెండు సార్లు మాత్రమే తాకి ముందుకి లాగాలి. ప్రతి భాగంలో కణాల సంఖ్య తగ్గుతూ పోతుంది, చివరికి ఒక్కో కణం దూరదూరంగా పడుతుంది, ఒక్కోటీ పెరిగి కంటికి కనపడే గుట్ట, అంటే ఒక్కో కాలనీ అవుతుంది. కాల్చడం మర్చిపోతే ప్లేట్ అంతా ఒకే మందమైన పొర వస్తుంది. చల్లార్చకుండా ముంచితే చుర్రుమని శబ్దం వస్తుంది, తీసుకున్న కణాలు అక్కడే చచ్చిపోతాయి, పైగా తుంపర్లు గాల్లోకి లేస్తాయి, అది ప్రమాదం కూడా. ఇంక్యుబేటర్‌లో ప్లేట్ బోర్లా పెట్టేది మూతకి పట్టిన నీటి చుక్క కాలనీల మీద పడి ఒకదాన్లో ఒకటి కలిపేయకుండా.

ఇక్కడ కాక్ పోస్ట్యులేట్స్ (ఒక జబ్బుకి ఫలానా క్రిమే కారణమని తేల్చే షరతులు) వస్తాయి, నాలుగూ మీ పుస్తకంలో ఉంటాయి కాబట్టి మళ్ళీ రాయను, కానీ వాటికి మినహాయింపులు కూడా చదవండి. కుష్టు బ్యాక్టీరియాని ఇప్పటికీ కృత్రిమ మీడియం మీద పెంచలేకపోయారు, అయినా ఆ జబ్బుకి అదే కారణమని ఎవరికీ సందేహం లేదు. జబ్బు లక్షణాలు లేకుండా క్రిమిని మోసే మనుషులు కూడా ఉంటారు. అలాగే ప్లేట్ మీద పెరగలేదంటే ఆ శాంపిల్‌లో ఏమీ లేదని కాదు, మట్టిలోనో సముద్రపు నీళ్ళలోనో ఉన్నవాటిలో చాలా తక్కువ భాగమే మామూలు మీడియం మీద పెరుగుతుంది.

పెరుగుదల. మంచి మీడియంలో 37 డిగ్రీల దగ్గర ఈ.కొలై సుమారు 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఒక్క కణంతో మొదలుపెడితే 10 గంటల్లో 30 సార్లు రెట్టింపు, అంటే 107 కోట్లు దాటుతుంది. కాగితం మీద ఇలా పోతూనే ఉంటుంది కానీ ఫ్లాస్క్‌లో పోదు, తిండి అయిపోతుంది, వ్యర్థాలు పేరుకుంటాయి, అందుకే లాగ్ (lag, అంటే ఆలస్యం), లాగరిథమిక్ (వేగంగా రెట్టింపయ్యే దశ), స్టేషనరీ, డెత్ అనే నాలుగు దశలు. మొదటి లాగ్ దశలో కణాలు ఖాళీగా ఉన్నాయనుకోకండి, కొత్త మీడియంకి కావాల్సిన ఎంజైమ్‌లు తయారుచేసుకుంటూ ఉంటాయి. టీబీ బ్యాక్టీరియా రెట్టింపు అవ్వడానికి 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది, ప్లేట్ మీద కాలనీ కనపడటానికి వారాలు పట్టేది అందుకే, డాక్టర్లు కల్చర్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగలేక వేరే టెస్టులు అడిగేదీ అందుకే.

చంపడం. స్టెరిలైజేషన్ అంటే స్పోర్స్‌తో (కొన్ని బ్యాక్టీరియా తయారుచేసుకునే, వేడిని తట్టుకునే గట్టి రూపం) సహా అన్నీ పోవాలి. డిసిన్ఫెక్షన్ అంటే జబ్బు చేసేవి తగ్గితే చాలు. ఈ రెండు మాటలు ఒకదాని బదులు ఇంకోటి రాయకండి. 100 డిగ్రీల్లో నీళ్ళు మరిగించినా బాసిల్లస్, క్లాస్ట్రిడియం స్పోర్స్ కొన్ని బతికేస్తాయి. అందుకే ఆటోక్లేవ్, 15 పౌండ్ల ప్రెషర్, 121 డిగ్రీలు, 15 నిమిషాలు. ప్రెషర్ చంపుతుందని చాలామంది అనుకుంటారు, కాదు, ప్రెషర్ పెంచితే ఆవిరి 121 కి చేరుతుంది, చంపేది ఆ తడి వేడి. లోపల గాలి మిగిలిపోతే గేజ్ 15 చూపించినా ఉష్ణోగ్రత అంత ఉండదు. ఆ 15 నిమిషాలు లెక్కపెట్టేది కూడా లోపలి వస్తువు 121 కి చేరాకే.

ఒకసారి ఒక కాలేజీ ల్యాబ్‌లో ఏ ప్లేట్ చూసినా ఒకే రకం పరుచుకునే కాలనీలు, అందరూ పిల్లల చేతులు శుభ్రంగా లేవని అనుకుంటున్నారు. నేను ప్లేట్ వెలుగుకి ఎత్తి పక్కనుంచి చూపించాను, కాలనీలు పైన మాత్రమే కాదు, అగార్ లోపల మధ్యలో కూడా చిన్న చిన్న చుక్కలుగా ఉన్నాయి. గాల్లోంచో చేతినుంచో పడినవి పైనే పెరుగుతాయి, లోపల ఉన్నాయంటే మీడియంలోనే ఉన్నట్టు. స్టెయిన్ చేస్తే స్పోర్స్ ఉన్న రాడ్స్. కారణం, రెండు లీటర్ల పెద్ద ఫ్లాస్క్‌ని కూడా చిన్న ట్యూబులతో కలిపి అదే 15 నిమిషాలు పెడుతున్నారు, మధ్యలోకి వేడి చేరేలోపే టైమ్ అయిపోతోంది. మీడియం చిన్న ఫ్లాస్కుల్లోకి పంచి పెట్టడంతో సమస్య పోయింది.

ఇంకోటి, ఆల్కహాల్ 70 శాతం ఎందుకు, 100 శాతం ఎందుకు కాదు అని వైవాలో తప్పకుండా అడుగుతారు. ప్రొటీన్లు పాడవ్వడానికి నీరు కావాలి, పూర్తి ఆల్కహాల్‌లో ఆ నీరు ఉండదు, పైగా త్వరగా ఆవిరైపోతుంది. 70 శాతం అయినా స్పోర్స్‌ని చంపదు అని కూడా కలిపి చెప్పండి, అడిగినాయన సంతోషిస్తారు.

వైరస్‌ల గురించి ఈ దశలో ఎక్కువ అక్కర్లేదు. 1892 లో ఇవనోవ్‌స్కీ పొగాకు మొజాయిక్ జబ్బు రసాన్ని బ్యాక్టీరియాని ఆపే ఫిల్టర్ గుండా పంపినా జబ్బు వచ్చింది, 1898 లో బైజెరింక్ ఇది బ్యాక్టీరియా కాని వేరే రకం అన్నారు, అక్కడ మొదలు. వాటికి గోడ లేదు, సొంత రైబోజోమ్ లేదు, కాబట్టి వాటి మీద పనిచేసే యాంటీబయాటిక్స్ లేవు. ఫంగస్ మన లాగే యూకారియోట్, 80ఎస్ రైబోజోమ్, అందుకే దాన్ని చంపి మనల్ని వదిలేసే మందులు తక్కువ. ఆర్కియాని 1977 లో కార్ల్ వోస్ రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ పోల్చి వేరుచేశారు, చూడ్డానికి బ్యాక్టీరియా లాగే ఉన్నా గోడలో పెప్టిడోగ్లైకాన్ ఉండదు. మళ్ళీ గోడ దగ్గరికే వచ్చాం చూడండి.

పేర్ల సంగతి. బట్టీ వద్దన్నాను కానీ అసలు వద్దనలేదు. గ్రామ్ రంగు, ఆకారం, ఆక్సిజన్ కావాలా వద్దా, స్పోర్ ఉందా, ఈ నాలుగు గడులున్న టేబుల్ ఒకటి మీరే గీసుకుని, ల్యాబ్‌లో చూసిన ప్రతి జీవినీ అందులో రాసుకుంటూ పోండి. కళ్ళతో చూసిన పేరు మర్చిపోవడం కష్టం. ఇరవై పేర్లు ఇలా వచ్చాక మిగతావి పోలికతో గుర్తుంటాయి.

చివరిగా లెక్కలు. కూడిక, గుణకారం, పది పవర్లు వస్తే మొదటి ఏడాదికి చాలు. సీరియల్ డైల్యూషన్ లో 1 ఎంఎల్ కల్చర్‌ని 9 ఎంఎల్ నీళ్ళలో కలిపితే పదో వంతు, దాన్లోంచి 1 ఎంఎల్ తీసి ఇంకో 9 లో కలిపితే వందో వంతు, ఇలా ఆరుసార్లు చేస్తే పది లక్షలో వంతు. ఆ ఆరో ట్యూబ్ నుంచి 0.1 ఎంఎల్ ప్లేట్ మీద పరిస్తే 124 కాలనీలు వచ్చాయనుకోండి. 0.1 ఎంఎల్ లో 124 అంటే 1 ఎంఎల్ లో 1,240, దాన్ని పది లక్షలతో గుణిస్తే అసలు కల్చర్‌లో ఎంఎల్‌కి 124 కోట్ల సీఎఫ్‌యూ (కాలనీ ఫార్మింగ్ యూనిట్లు). 30 నుంచి 300 మధ్య కాలనీలున్న ప్లేటే లెక్కకి తీసుకోండి, 30 కన్నా తక్కువైతే అదృష్టం పాత్ర ఎక్కువైపోతుంది, 300 దాటితే ఒకదానిమీద ఒకటి పడి లెక్క తప్పుతుంది. కణాలు అని కాకుండా సీఎఫ్‌యూ అని రాసేది ఎందుకంటే స్టెఫైలోకాకస్ గుత్తులుగా, స్ట్రెప్టోకాకస్ గొలుసులుగా ఉంటాయి, ఒక గుత్తి మొత్తం కలిసి ఒకే కాలనీ ఇస్తుంది.

పక్క ప్లేట్ కూడా తప్పకుండా చూడండి. ఆరో డైల్యూషన్ లో 124 వస్తే ఏడో దాన్లో 12 చుట్టుపక్కల రావాలి. 90 వచ్చిందంటే పిపెట్ టిప్ మార్చకుండా అదే వాడినట్టో, ట్యూబ్ సరిగ్గా కలపనట్టో, ఆ సెట్ పక్కన పెట్టి మళ్ళీ చేయండి. మీ మొదటి డైల్యూషన్ రిజల్ట్స్ వచ్చాక అన్ని ప్లేట్ల అంకెలూ ఇక్కడ పెట్టండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెప్తాను.